బొడ్డు దగ్గర ఒకే కోత: మూడేళ్ల తర్వాత

మాది గుంటూరు. నెలసరి ఆగిపోయిన ఆరేళ్లకి ఒకరోజు చీర మీద రూపాయి బిళ్లంత మరక కనపడింది. వేడి చేసిందిలే అనుకుని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఆ రెండు నెలలు తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. బయాప్సీలో గర్భసంచి లోపొర క్యాన్సర్ అని తేలింది. అదృష్టం, తొలి దశే. విజయవాడలో రోబోతో, ఒకే కోతతో ఆపరేషన్ చేయించుకుని మొన్న మాఘానికి మూడేళ్లు నిండాయి.

మరమనిషి వచ్చి కోస్తుందేమోనని మా అత్తగారు హడలిపోయారు. అదేం కాదు. డాక్టరమ్మే అదే గదిలో ఓ పక్కన తెర ముందు కూర్చుని చేత్తో నడిపిస్తారు. ఆవిడ మణికట్టు ఎటు తిప్పితే లోపల పనిముట్టు అటు తిరుగుతుంది. మామూలు రోబో ఆపరేషన్లో పొట్ట మీద నాలుగైదు చిల్లులు పడతాయి. నాకు బొడ్డులో ఒక్కటే, రెండున్నర సెంటీమీటర్లు. గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు కిందినుంచే తీసేశారు. ఆకుపచ్చగా మెరిసే మందు ఎక్కించి, అది ముందుగా చేరిన లింఫు గ్రంథుల్ని (క్యాన్సర్ పాకితే ముందు చేరే చిన్న గ్రంథులివి) మాత్రమే తీసి పరీక్షకి పంపారు. గ్రంథులన్నీ తీసేస్తే కాళ్లు వాచే ప్రమాదం ఎక్కువట. నా కాళ్లు బాగానే ఉన్నాయి.

మూడో రోజు ఇంటికి పంపారు. పొట్టకి దిండు అదుముకుని కారెక్కాను, కాజ టోల్‌గేటు దాకా కళ్లు తెరవలేదు. కోత నొప్పి ఓర్చుకోగలిగాను. ఆ రాత్రి కుడి భుజం పీకేసింది, గుండెపోటే అనుకున్నాం. పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ వల్ల అలా వస్తుందని ఆస్పత్రిలో ఒక్కరూ ముందు చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇల్లంతా తెల్లవార్లూ మేలుకునేది కాదు.

పదో రోజు బొడ్డు చెమ్మగిల్లింది. అక్క పసుపు పెట్టబోతే ఆపి డాక్టరమ్మకి ఫోన్ చేశాం, మందులతో తగ్గింది. కోత దగ్గర లోపలి పేగు బయటికి ఉబికే హెర్నియా రావచ్చనీ, లోపలి కుట్లు కూడా మానాలనీ ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. బిందె ముట్టుకోలేదు. గ్రైండర్లో పప్పు వేసి, పిండి తీసిందీ మా ఆయనే. ఇప్పుడు ఆ మచ్చ ఎక్కడుందో వెతికితే గానీ దొరకదు.

అయితే ఖర్చు ఎక్కువ. కోత ఒక్కటే అయినంత మాత్రాన జబ్బు ఇంకా బాగా నయమవుతుందని కాదు, నొప్పీ మచ్చా తగ్గుతాయంతే అని డాక్టరమ్మే చెప్పారు.

పక్కింటి వదినగారికి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ వచ్చింది. నాలాగే రోబోతో చేయించమని పట్టుబట్టారు. డాక్టర్లు వద్దన్నారు. 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆ క్యాన్సర్‌కి పొట్ట తెరిచి చేయించుకున్నవాళ్లలో నాలుగున్నరేళ్లకి 96.5 శాతం మంది జబ్బు లేకుండా ఉంటే, చిన్న చిల్లుల్లోంచి చేసే కీహోల్, రోబో పద్ధతుల్లో చేయించుకున్నవాళ్లలో 86 శాతమే ఉన్నారట. అందుకే ఏ ఆపరేషన్ అని అడిగేముందు, మీది ఎక్కడొచ్చిన క్యాన్సరో అడిగి తెలుసుకోండి. వదినగారు పొట్ట కోసే చేయించుకున్నారు. కోలుకోవడానికి నాకన్నా నెల ఎక్కువ పట్టింది. పోయిన వారం చెకప్‌కి ఇద్దరం ఒకే బస్సులో విజయవాడ వెళ్లొచ్చాం.