సుషిమా ఓడలు: రెండు నౌకాదళాలు ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

రష్యా-జపాన్ యుద్ధంలో 1905 మే 27న సుషిమా జలసంధిలో ఎదురుపడ్డ రెండు ప్రధాన వరుసలూ, బల్ల మీద యుద్ధాట ఆడుకునే చిన్న మోడల్ ఓడలుగా, నా దగ్గర పూర్తిగా ఉన్నాయి. జపాన్ అడ్మిరల్ టోగో నడిపిన 12 ఓడలు, బాల్టిక్ సముద్రం నుంచి వచ్చి రష్యా అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీ కింద నడిచిన ఓడలు 12. వీటితో ఏళ్లుగా ఆడుతున్నాను. కొన్నింటికి రంగు రెండోసారి వేశాను, కొన్నింటి మాస్టులు (నిలువు స్తంభాలు) మార్చాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఆవిరి ఓడల కాలం నాటి నౌకాదళం మొత్తం కావాలంటే 1/3000 సైజులో, అంటే అసలు ఓడలో మూడువేల వంతు ఉండే, లోహపు ఓడలు కొనండి. రంగు వేసేటప్పుడు సన్న పనితనం కన్నా, బల్ల అవతలి నుంచి చూసినా ఏది ఏ ఓడో తెలిసేలా వేయడం మీద శ్రద్ధ పెట్టండి.

సైజు సంగతి ముందు. టోగో ఓడ మికాసా అసలు పొడవు దాదాపు 132 మీటర్లు. 1/1250లో అది పది సెంటీమీటర్లు దాటుతుంది. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి అద్భుతం, కానీ 24 ఓడలు ఆడించాలంటే హాలంతా కావాలి. 1/2400లో ఐదున్నర సెంటీమీటర్లు, 1/3000లో నాలుగున్నర కన్నా కాస్త తక్కువ. 1/6000 అయితే రెండు సెంటీమీటర్ల పైచిలుకే, ఓడల తేడా కనిపించడమే కష్టం. 12 ఓడల వరుసను మామూలు భోజనాల బల్ల మీద మలుపు తిప్పాలంటే 1/3000 సరిగ్గా సరిపోతుంది. ఈ సైజులో బ్రిటన్‌కు చెందిన నావ్‌వార్ దగ్గర రష్యా-జపాన్ యుద్ధపు ఓడలు దొరుకుతాయి. 1/2400 ఇష్టపడేవాళ్లకు టంబ్లింగ్ డైస్ వాళ్ల శ్రేణి ఉంది.

సైజు విషయంలో మరీ పట్టింపు అక్కర్లేదు. సుషిమాలో కాల్పులు మొదలైనప్పుడు రెండు దళాల మధ్య దూరం దాదాపు 7,000 మీటర్లు. 1/3000 లెక్కన అది రెండు మీటర్ల పైనే! ఏ ఇంటి బల్ల మీదా అంత సముద్రం పట్టదు. అందుకే చాలా ఆటల నియమాల్లో దూరాన్ని ఓడ సైజు కన్నా బాగా కుదిస్తారు. ఓడ ఒక లెక్కలో, సముద్రం ఇంకో లెక్కలో ఉంటాయి. ఆడటం మొదలుపెట్టిన పది నిమిషాలకే కన్ను దానికి అలవాటు పడిపోతుంది.

ఇక లోహమా, రెజినా? 3డీ ప్రింటర్‌తో తీసిన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఓడలు మొదటి రోజు చూస్తే మనసు దోచేస్తాయి. పడవలు, చిన్న ఫిరంగులు, వంతెన రెయిలింగ్ కూడా కనిపిస్తాయి. కానీ ఆటలో అవి నిలవవు. నా దగ్గరున్న రెజిన్ ఓడల్లో ఫిరంగి గొట్టాలన్నీ సరిగ్గా ఉన్నవి తక్కువే. ఎవరి చొక్కా చెయ్యో తగిలితే చాలు, టప్పున విరుగుతాయి. ఎండాకాలంలో పొడవాటి ఓడలు కొద్దిగా వంగాయి కూడా. వేడినీళ్లలో ముంచి, మెల్లగా సరిచేసి, చల్లనీళ్లలో పెడితే నిటారు అవుతాయి గానీ రంగు వేశాక ఆ పని చేయాలంటే టెన్షనే. లోహపు ఓడకు ఈ బెడద లేదు. మాస్టు వంగితే వేలితో నిలబెట్టొచ్చు. మళ్లీ మళ్లీ వంచితే అదీ విరుగుతుంది, అప్పుడు సన్న ఇత్తడి తీగ ముక్క అతికిస్తే పోతపోసిన దానికన్నా గట్టిగా ఉంటుంది. పైగా లోహానికి బరువుంది. పాచికలు దొర్లి తగిలినా వరుస చెదరదు.

లోహంతో రెండు జాగ్రత్తలు తప్పవు. ఆకురాయితో అంచులు రాసేటప్పుడు వచ్చే పొడిలో సీసం ఉండొచ్చు. కింద కాగితం పరుచుకోండి, చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలున్న గదిలో ఈ పని వద్దు. రెండోది దాచే చోటు. సీసం ఎక్కువున్న పాత ఓడలను చెక్క పెట్టెలో మూసి ఉంచకూడదు. కొన్ని రకాల చెక్క, ముఖ్యంగా ఓక్, వదిలే ఎసిటిక్ ఆమ్లం ఆవిరికి సీసం మెల్లగా తెల్లపొడి అయిపోతుంది. నేను ప్లాస్టిక్ డబ్బాలో అయస్కాంతపు షీటు పరిచి, ఓడల పీఠాల అడుగున పల్చటి ఇనుప రేకు అతికించాను. బస్సులో స్నేహితుల ఇంటికి తీసుకెళ్లినా కదలవు. ఈ మొత్తం సరంజామాలో నేను డబ్బు పెట్టినందుకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషించింది ఆ అయస్కాంతపు షీటు మీదే.

రంగుల దగ్గరికి వస్తే, రష్యా ఓడలు నాకు ప్రాణం. ఒడ్డూ పొడవూ మొత్తం నలుపు, పొగగొట్టాలు పసుపు, వాటి కొసలు మళ్లీ నలుపు. ఆ రోజు సముద్రం మీద మంచు తెరలున్నా ఆ పసుపు పొగగొట్టాల వల్ల రష్యా ఓడలు జపాన్ గన్నర్లకు సులభంగా చిక్కాయంటారు. అక్కడ అంత చేటు చేసిన రంగు బల్ల మీద మాత్రం ఆటగాడికి వరం. కొత్తగా వచ్చినవాడికి కూడా ఎవరు ఎవరో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే అచ్చమైన నలుపు వేయకండి. ఇంత చిన్న ఓడ మీద నలుపు వేస్తే టరెట్లు (ఫిరంగులుండే గదులు), డెక్కులు అన్నీ కలిసిపోయి ముద్దలా కనిపిస్తుంది. బాగా ముదురు బూడిదరంగు వేసి, అంచుల మీద కాస్త లేత బూడిదను పొడి బ్రష్‌తో తాకిస్తే, చూసే కన్ను దాన్ని నలుపుగానే తీసుకుంటుంది. పసుపు నేరుగా నలుపు మీద పట్టదు. ముందు పొగగొట్టానికి తెలుపో లేత గోధుమో వేసి, ఆరాక పసుపు వేయాలి.

జపాన్ ఓడలు సులువు. అడుగున బూడిదరంగు ప్రైమర్, సందుల్లోకి దిగే పల్చటి నల్ల వాష్ (నీళ్లలాంటి రంగు), పైన లేత బూడిద, డెక్కుకు చెక్క రంగు. కానీ అన్నీ ఒకే బూడిద కావడంతో గుర్తుపట్టడానికి పొగగొట్టాలు లెక్కపెట్టాల్సిందే. మికాసా, అసాహిలకు రెండేసి, షికిషిమాకు మూడు. నిషిన్, కసుగాలకు దూరదూరంగా రెండు పొగగొట్టాలు, నడుమ ఒకే మాస్టు. రష్యా వైపు ఒస్ల్యాబ్యాకు మూడు. నవారిన్‌కైతే నాలుగు పొగగొట్టాలు జంటలుగా, తిరగేసిన పీట కాళ్లలా నిలబడి ఉంటాయి. అందుకే పొగగొట్టాల మధ్య ఖాళీలో వాష్ ముదురుగా నింపుతాను, పై అంచు తేటగా ఉంచుతాను. కిటికీలకు, గొలుసులకు పెట్టే సమయం దీనికి పెడితే ఆటలో పదింతలు పనికొస్తుంది. పీఠం వెనక అంచున పేర్లు తెలుగులోనే రాశాను. మా వాళ్లకు చదవడం తేలిక, పైగా రష్యా ఓడ పేరు ‘ఒర్యోల్’ అని తెలుగులో చూస్తుంటే నాకెంతో బాగుంటుంది.

పీఠాలన్నీ ఒకే పొడవు ఉండాలి. టోగో శత్రువు ఎదురుగా తన వరుసనంతా ఒకే చోట ఒకదాని వెనక ఒకటిగా వెనక్కి తిప్పాడు. ఆ యుద్ధం ఆడేవాళ్లంతా ఎదురుచూసే ఘట్టం అదే. పీఠాలు ఒకటి చిన్నది ఒకటి పెద్దదైతే సరిగ్గా ఆ మలుపులోనే ఒకదానికొకటి తగులుకుని వరుస చెడిపోతుంది. టోర్పెడో పడవలను మాత్రం రెండు మూడు కలిపి ఒకే పీఠం మీద అతికించాను, విడిగా ఉంటే కిందపడి కనబడకుండా పోతాయి. సముద్రానికి స్టేషనరీ షాపులో దొరికే యాక్రిలిక్ నీలం, కాస్త ఆకుపచ్చ చాలు. ఓడకు మాత్రం మోడళ్ల కోసం చేసిన సన్న రంగులే వాడాలి.

వానాకాలంలో స్ప్రే వార్నిష్ జోలికి వెళ్లొద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే మాట్ (మెరుపు లేని) వార్నిష్ తెల్లగా పొగబారుతుంది, నల్ల ఓడ మీద ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రష్‌తో పూసే రకం వాడుతున్నాను, రంగు ఊడటం చాలా తగ్గింది. వేళ్లు పడే ముక్కు దగ్గర, వెనక కొసన మాత్రం అప్పుడప్పుడు దిద్దాల్సి వస్తుంది.

రెండు నౌకాదళాలు ఎక్కువనిపిస్తే రెండే ఓడలతో మొదలుపెట్టొచ్చు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు వేసి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మనీ యుద్ధనౌక ఎమ్డెన్, నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర దాన్ని చావుదెబ్బ కొట్టిన ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ. ఎమ్డెన్‌కు మూడు పొగగొట్టాలు, సిడ్నీకి నాలుగు. బ్రిటిష్ ఓడలా కనిపించడానికి ఎమ్డెన్ నాలుగోది దొంగ పొగగొట్టం పెట్టుకునేది. నా ఎమ్డెన్‌కు తీసి పెట్టుకునేలా అలాంటిదొకటి చేశాను, పిల్లలు దాన్ని చూసి కథంతా అడిగి చెప్పించుకుంటారు.

సుషిమా వరుసలు కొనడానికి ఇంకో కారణం ఉంది. అదే రష్యా-జపాన్ యుద్ధంలో 1904 ఆగస్టు 10న పసుపు సముద్రంలో జరిగిన యుద్ధంలో టోగో వరుసలో ఉన్నవి మికాసా, అసాహి, ఫుజి, షికిషిమా, నిషిన్, కసుగాలే. ఈ ఆరూ ఇప్పటికే రంగు వేసి సిద్ధంగా ఉన్నాయి. రష్యా నౌకాస్థావరం పోర్ట్ ఆర్థర్ నుంచి బయటికొచ్చిన ఆరు రష్యా యుద్ధనౌకలు కొంటే చాలు: త్సెసారెవిచ్, రెత్విజాన్, పొబేదా, పెరెస్వెత్, సెవాస్తొపోల్, పొల్తావా. వీటిలో పొబేదా, పెరెస్వెత్‌లు ఒస్ల్యాబ్యాతో ఒకే తరగతివి (ఒకే నమూనావి) కాబట్టి వాటి ఆకారం చెయ్యికి ముందే అలవాటై ఉంటుంది. నేను త్సెసారెవిచ్ మొదలుపెట్టాను.