వేలిముద్రకు నల్లపొడి మేలా, నానో పొడి మేలా?

రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్ మోటారు ఎత్తుకుపోయారు అనుకోండి. స్టార్టర్ పెట్టె మూత మీద దొంగ చెయ్యి పడింది. రాత్రంతా మంచు కురిసింది. తెల్లారి క్లూస్ టీం కుంచెతో నల్లపొడి అద్దితే, తడికి ముద్దకట్టి గీతలన్నీ అలికేసినట్టు అయిపోతాయి.

నానో పొడి సత్తా ఇక్కడే. వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు, ఈ రేణువులు 100 లోపే. అందుకే సన్న గీతలనూ పట్టుకుంటాయి. జింక్ ఆక్సైడ్ రకాన్ని నీళ్లలో కలిపి వాడితే తడి వస్తువు మీదా ముద్ర తేలి, యూవీ కాంతికి మెరుస్తుంది. కాడ్మియం ఉన్న క్వాంటమ్ డాట్స్ (కాంతికి మెరిసే అతిసన్న రేణువులు) మాత్రం చెరువు గట్టున అసలే వద్దు, అది విషం. అన్నట్టు, తడి వస్తువులకు మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కలిపిన ద్రవం ఎప్పటినుంచో ఉంది. ముందు అది వాడి చూడాలి.

ఇక కోర్టు. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టింది 1897లో. అప్పటినుంచి పాత పద్ధతి ఎన్నో క్రాస్ ఎగ్జామినేషన్లు తట్టుకుంది. భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద నిపుణుడు చెప్పేది అభిప్రాయమే, దాన్ని తూచాల్సింది జడ్జిగారు. కొత్త పొడి ఎక్కడ తప్పుతుందో తెలియకుండా ఎలా తూచుతారు? ముద్దాయి రోజుకూలీ అయితే, సొంతంగా ఇంకో నిపుణుణ్ణి ఎక్కడ తెచ్చుకుంటాడు?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. 2007లో బ్రిటన్ శాస్త్రవేత్తలు బంగారు నానో రేణువులకు యాంటీబాడీలు తగిలించి, వేలిముద్ర చెమటలో కొటినైన్‌ను, అంటే పొగాకులోని నికోటిన్ ఒంట్లో మారి అయ్యే పదార్థాన్ని, పట్టుకున్నారు. అలా ఆ మనిషి పొగ తాగుతాడని ముద్రే చెప్పేసింది. వేలిముద్ర ఇవ్వడం తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని సుప్రీంకోర్టు 1961లో కాఠీ కాలూ కేసులో అంది. అప్పటి లెక్కలో ముద్ర అంటే గీతలే. మోటారు దొంగతనం కేసులో మనిషి అలవాట్లు, మందులు, జబ్బులు తవ్వే హక్కు ఎవరిచ్చారు?

కాబట్టి మామూలు దొంగతనాలకు నా ఓటు పాత పద్ధతులకే. హత్య, అత్యాచారం లాంటి కేసుల్లో అవి పనిచేయనప్పుడు నానో పొడి వాడొచ్చు. అయితే పొడి వేయకముందే ఫొటో తీయాలి, ఏ పొడి వాడారో మధ్యవర్తుల నివేదికలో రాయాలి, ఫొటోల నకళ్లు ముద్దాయి లాయరుకూ ఇవ్వాలి. చెమటలో ఏముందో చూడాలంటే మాత్రం మేజిస్ట్రేటు గారి అనుమతి విడిగా తీసుకోవాల్సిందే.