చెన్నై రేవు నుంచి చూసిన ఎన్‌డీటీఏ: ఏళ్లుగా చదువుతున్న ఒక రవాణాదారు సమీక్ష

చెన్నై రేవులో క్లియరింగ్, భారీ సరుకు రవాణా పనులు చూసుకునే నాకు సైన్యాన్నీ ప్రైవేటు రవాణా సంస్థలనూ ఒకచోట కూర్చోబెట్టే అమెరికా సంఘం నేషనల్ డిఫెన్స్ ట్రాన్స్‌పోర్టేషన్ అసోసియేషన్‌తో, అంటే ఎన్‌డీటీఏతో, పనేమిటని వృత్తిలోని మిత్రులు అడుగుతూ ఉంటారు. నేను అందులో సభ్యుణ్ణి కాను. దాని పత్రిక డిఫెన్స్ ట్రాన్స్‌పోర్టేషన్ జర్నల్‌ను ఏళ్ల తరబడి వదలకుండా చదువుతూ, సమావేశాల ప్రసంగాల్లో అందరికీ అందుబాటులోకి వచ్చినవి వింటూ, అందులో నేర్చుకున్నదాన్ని మణలి, తిరువొత్తియూరు వైపు యార్డుల్లో నా పనికి వాడుకుంటూ వచ్చాను. కాబట్టి సభ్యత్వ రుసుము గిట్టుబాటవుతుందా అన్న ప్రశ్నకు ఈ సమీక్షలో జవాబు దొరకదు. సైనిక రవాణా గురించి తెలుసుకోవాలనుకునే మన రవాణాదారుకు ఆ సంఘం వల్ల ఏం ఒరుగుతుందో మాత్రం చెప్పగలను.

ఈ సంఘం 1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, ఆర్మీ ట్రాన్స్‌పోర్టేషన్ అసోసియేషన్ అనే పేరుతో పుట్టింది. అంతకు రెండేళ్ల ముందు, 1942లో, అమెరికా సైన్యం రవాణాకు ప్రత్యేకంగా ఒక దళాన్ని, అంటే కోర్‌ను ఏర్పాటు చేసుకుంది; రైల్వేల్లో, నౌకా సంస్థల్లో పనిచేస్తూ యూనిఫాం వేసుకున్నవారు అందులో చాలామంది. యుద్ధానంతరం అన్ని దళాలకూ వర్తించేలా పేరు మార్చుకుని, ఇప్పుడు వర్జీనియాలోని అలెగ్జాండ్రియా కేంద్రంగా, లాభాపేక్ష లేని విద్యాసంబంధ సంస్థగా నడుస్తోంది.

సైన్యం వైపు నుంచి దీనితో ముఖ్యంగా వ్యవహరించేది అమెరికా సైన్యపు రవాణా కమాండ్ అయిన ట్రాన్స్‌కామ్. 1987లో ఏర్పడి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్కాట్ వైమానిక స్థావరం నుంచి పనిచేసే ఈ కమాండ్ కింద ఆకాశ, సముద్ర, భూమార్గ రవాణా విభాగాలు మూడూ ఉన్నాయి. ఏటా శరత్కాలంలో ట్రాన్స్‌కామ్‌తో కలిసి సంఘం జరిపే సమావేశానికి పేరు ఎక్కువ. అయితే నా దృష్టిలో సంఘానికి ప్రాణం ఆ పెద్ద సభ కాదు, నౌకలు, విమానాలు, భూమార్గం వంటి అంశాల వారీగా పనిచేసే దాని కమిటీలు. ఫలానా రేవులో ఎన్ని ఫ్లాట్ వ్యాగన్లు నిలపగలరు, ఓడలు నడిపే నావికులు సరిపడా ఉన్నారా, రవాణా సంస్థ కంప్యూటర్లలోకి శత్రువు చొరబడితే సరుకు ఎక్కడ ఆగిపోతుంది వంటి ప్రశ్నలు, టెండరుతో సంబంధం లేకుండా, అవసరం ఇంకా ముంచుకు రాకముందే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి అక్కడ చోటుంది. ఇన్నేళ్ల చదువులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే.

అలా ముందుగా మాట్లాడుకోవడం వల్ల ఏం జరుగుతుందో తెలియాలంటే సివిల్ రిజర్వ్ ఎయిర్ ఫ్లీట్ అనే ఏర్పాటును చూడాలి. బెర్లిన్‌కు విమానాల్లో సరుకు మోసిన 1948–49 నాటి అనుభవం తర్వాత, 1951లో ఇది మొదలైంది. విమాన సంస్థలు తమ విమానాల్లో కొన్నిటిని అత్యవసర సమయంలో సైన్యానికి ఇస్తామని ముందే ఒప్పుకుంటాయి. అందుకు ప్రతిగా, మామూలు రోజుల్లో సైన్యం పంపే ప్రయాణికుల్లో, సరుకుల్లో వాటికి వాటా దక్కుతుంది. 1990 ఆగస్టులో గల్ఫ్ సంక్షోభానికి, 2003లో ఇరాక్ యుద్ధానికి, 2021 ఆగస్టులో అఫ్గానిస్తాన్ తరలింపుకు దీన్ని అమలు చేశారు. చివరిసారి తీసుకున్నవి 18 విమానాలే. అవి కాబూల్‌కు వెళ్లలేదు, అక్కడి నుంచి సైనిక విమానాలు మధ్య మజిలీలకు చేర్చినవారిని ఎక్కించుకున్నాయి. ఈ పని విభజన అప్పటికప్పుడు తోచేది కాదు.

ఇది చదువుతున్నప్పుడల్లా నాకు అదే 1990లో జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి మన ఎయిరిండియా చేసిన పని గుర్తొస్తుంది. కువైట్ నుంచి ఎడారి దాటి వచ్చిన లక్షకు పైగా భారతీయులను అది స్వదేశానికి చేర్చింది. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అప్పుడది ప్రభుత్వ సంస్థ కాబట్టి ప్రభుత్వం మాట చెబితే విమానం లేచింది. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది, ఆ వెంటనే ఉక్రెయిన్ నుంచి మన విద్యార్థులను తెచ్చిన ఆపరేషన్ గంగాలో ప్రైవేటు విమానాలు పెద్ద పాత్ర పోషించాయి. ఎవరి విమానాలు ఎన్ని, ఏ ధరకు, ఎన్ని గంటల్లో అన్నది శాంతి కాలంలోనే రాసుకుని ఉంచవలసిన అవసరం ఇప్పుడు మరింత పెరిగిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కంటైనర్ల మనిషిగా నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది గల్ఫ్ యుద్ధపు పాఠం. ఆ యుద్ధానికి పంపిన సుమారు 40 వేల కంటైనర్లలో 25 వేలకు పైగా, లోపల ఏముందో తెలియక, రేవులో విప్పి చూడవలసి వచ్చింది. సరుకు చేరింది, కానీ చేరినట్టు ఎవరికీ తెలియలేదు. దాంతో కావలసినవాళ్లు మళ్లీ మళ్లీ ఆర్డర్లు పెట్టారు. కంటైనర్లకు రేడియో ట్యాగులు తగిలించే పద్ధతి సైన్యంలో వేగంగా వ్యాపించడానికి ఈ అనుభవం ఒక ముఖ్య కారణం. ట్యాగుల ఖర్చు మా బోటి సంస్థలకు భారమే కాబట్టి, నేను అందులోని సూత్రాన్ని మాత్రం తీసుకున్నాను. రక్షణ శాఖ ఆర్డరుకు సంబంధించిన కంటైనరు మా యార్డు దాటాలంటే, ప్యాకింగ్ జాబితా ఒక ప్రతి కుడి తలుపు లోపలివైపు ప్లాస్టిక్ కవరులో అతికించాలి, ఇంకొక ప్రతి డ్రైవరు దగ్గర ఉండాలి, సీలు నంబరు రెండింటి మీదా రాయాలి. బరువైన పెట్టె ఏ వరసలో ఉందో చిన్న బొమ్మ గీసి చూపాలి. మొదట్లో గూడూరు నుంచి వచ్చిన మా సూపర్‌వైజరు, "అంతా బిల్లులో ఉండేదే కదా సార్, మళ్లా ఈ రాత ఎందుకు?" అని విసుక్కున్నాడు. "బిల్లు ఆఫీసులో ఉంటుంది, పెట్టె ఎండలో ఉంటుందయ్యా" అన్నాను. ఆ తర్వాత ఒకసారి, దూరపు డిపోలో రాత్రివేళ ఒకే ఒక విడిభాగం కోసం కంటైనరు విప్పవలసి వచ్చినప్పుడు, అక్కడివాళ్లు తలుపు తీసి జాబితా చూసి రెండో వరసలోని పెట్టెను నేరుగా తీసుకున్నారు. ఇప్పుడు కొత్త కుర్రవాళ్లకు ఆ పద్ధతి నేర్పుతున్నది ఆ సూపర్‌వైజరే.

పత్రిక వెంటబడి పోతే దొరికిన మరొక మంచి వస్తువు, ట్రాన్స్‌కామ్ భూమార్గ విభాగపు ఇంజనీర్లు ప్రచురించే టైడౌన్ పుస్తకాలు. రైలు వ్యాగన్ మీద, ట్రైలరు మీద బండ్లను గొలుసులతో ఎలా కట్టాలి, గొలుసు ఏ కోణంలో ఉండాలి, ఏ కొక్కేనికి కట్టకూడదు అన్నవి అందులో బొమ్మలతో ఉంటాయి. లో-బెడ్ ట్రైలరు మీద ట్యాంకులా ఇనుప పట్టీల మీద నడిచే బండి ఎక్కించేవారెవరికైనా ఇవి పనికొస్తాయి.

2022 ఆగస్టులో అమెరికా నౌక చార్లెస్ డ్రూ మరమ్మతుకు మన ఊరి పక్కనే ఉన్న కాట్టుపల్లి ఎల్ అండ్ టీ షిప్‌యార్డుకు వచ్చింది. అమెరికా నౌకాదళపు ఓడ ఒకటి మరమ్మతు కోసం మన దేశానికి రావడం అదే మొదలు. దాన్ని యుద్ధనౌక అనుకున్నవారు చాలామంది. అది ట్రాన్స్‌కామ్‌లోని సముద్ర విభాగమైన మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్‌కు చెందిన సరఫరా ఓడ అనీ, దాన్ని నడిపేది ఎక్కువగా పౌర నావికులే అనీ, అటువంటి ఓడలకు మరమ్మతు దొరకడం ఎందుకు అంత ముఖ్యమో అనీ నేను మా వాళ్లకు వివరించగలిగానంటే అది ఈ పత్రిక పుణ్యమే. ఆ తర్వాత అదే కమాండ్ ఓడలు ఇంకా వచ్చాయి. కాట్టుపల్లి దారిలో పనిచేసే విడిభాగాల వ్యాపారులకు, క్రేన్ల యజమానులకు ఇది దూరదేశపు విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. సభ్య సంస్థల అధికారులు రాసే వ్యాసాల్లో కొన్ని తమ సేవలను చెప్పుకోవడానికే సరిపోతాయి. సభ్యుల జాబితాలు, ప్రకటనలు చాలా పేజీలను తినేస్తాయి. పొడి అక్షరాల పేర్లు మొదట్లో అడుగడుగునా అడ్డు తగులుతాయి. అంతకన్నా ముఖ్యమైన పరిమితి ఏమిటంటే, అక్కడి ఆలోచన పెద్ద సంస్థలను, అమెరికా జెండా కింద నడిచే ఓడలను, అమెరికా రేవుల మధ్య సరుకును అమెరికా ఓడల్లోనే మోయాలనే 1920 నాటి జోన్స్ చట్టాన్ని ఆధారం చేసుకుని ఉంటుంది. మన లారీల్లో అత్యధికం ఐదు బండ్లకు మించని చిన్న యజమానులవి. సైనిక బళ్లు, ట్యాంకులు ఎక్కువ దూరాలకు రైలు మీద వెళతాయి. నాలుగు బండ్ల యజమాని కమిటీ గదిలో కూర్చునే దారి ఏమిటన్న ప్రశ్నకు ఆ పత్రికలో నాకు జవాబు దొరకలేదు.

ఆ జవాబు మనమే వెతుక్కోవాలి. తమిళనాడు రక్షణ పారిశ్రామిక కారిడార్‌లో చెన్నై, హోసూరు, కోయంబత్తూరు, సేలం, తిరుచిరాపల్లి కేంద్రాలు. ఆవడిలో ట్యాంకుల కర్మాగారం ఉండనే ఉంది. రక్షణ సామగ్రి తయారీదారులకు 2017 నుంచి ఎస్ఐడీఎం అనే సంఘం ఉంది. నా అనుభవంలో రవాణావాళ్లకు మాత్రం సైన్యం అవసరం తెలిసేది టెండరు కాగితం చేతికొచ్చాకే. అప్పటికి వంతెన బలం, మలుపు వెడల్పు, ట్రైలర్లను లాగే పుల్లర్ల లభ్యత వంటివి అడిగే సమయం మించిపోయి ఉంటుంది. ఆవడి నుంచి ఎన్నూరు రేవు వరకు భారీ బండ్లకు అనువైన దారి గురించి ఏడాదికి రెండుసార్లు సైనికాధికారులు, రైల్వేవాళ్లు, ట్రైలరు యజమానులు కలిసి కూర్చున్నా చాలు, ఎంతో పని తేలికవుతుంది.

కొత్తగా చదవదలచినవారు ట్రాన్స్‌కామ్ అధిపతుల ప్రసంగాలతో మొదలుపెట్టవద్దు. అవి విధానాల స్థాయిలోనే ఉంటాయి. సీలిఫ్ట్ మీద, అంటే సముద్రమార్గ సైనిక రవాణా మీద, రేవుల మీద వచ్చిన వ్యాసాలను ముందు చదివి, ఆ తర్వాత టైడౌన్ పుస్తకాలను మీ ఫోర్‌మన్‌తో కలిసి తిరగేయండి. బొమ్మలే ఎక్కువ కాబట్టి ఇంగ్లిషు అంతగా రానివారికి కూడా అవి అర్థమవుతాయి.