మళ్లీ చదవడమా, అప్పజెప్పుకోవడమా: ఏది మేలు?

టెట్, డీఎస్సీల కోసం సైకాలజీ చదివే అభ్యర్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: పరీక్ష దగ్గరపడ్డాక పుస్తకం మరోసారి చదవాలా, లేక మూసిపెట్టి తమకు తామే అప్పజెప్పుకోవాలా?

మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది. వాక్యాలు ఎరిగినవే కావడంతో పేజీలు వేగంగా సాగుతాయి. కాసేపట్లో పరీక్ష రాయబోయేవారికి అది మేలే చేస్తుంది. 2006లో మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలూ చదివినవారు అయిదు నిమిషాల తరువాత 83 శాతం రాయగలిగితే, ఒక్క విడత చదివి మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తుచేసుకున్నవారు 71 శాతమే రాశారు. వారం గడిచేసరికి మొదటివారికి 40 శాతం, రెండోవారికి 61 శాతం మిగిలింది. వారం తరువాత తమకే బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది మాత్రం చదివినవారే!

నా మట్టుకు తేల్చేది ఈ వ్యవధే, ఎందుకంటే, ఉదాహరణకు, మరుపు మీద పరిశోధించిన ఎబ్బింగ్‌హాస్ గురించిన అధ్యాయం చదివిన రోజుకూ పరీక్ష రోజుకూ మధ్య మనకు వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి.

బిట్ల పరీక్షకు గుర్తింపు (ఎదుట ఉన్న ఆప్షన్లలో సరైనది పోల్చుకోవడం) చాలు, పునఃస్మరణ (చూడకుండా గుర్తుచేసుకోవడం) ఎందుకని కొందరు వాదిస్తారు. మొన్న ఒక అభ్యర్థిని పేజీ నిండా పసుపు గీతలున్న పుస్తకం మూయించి, రుణాత్మక పునర్బలనానికీ శిక్షకూ తేడా తెల్లకాగితం మీద రాయమన్నాను. రెండూ ఒకటేనని రాసింది. బెల్టు పెట్టుకోగానే కారులో కూత ఆగిపోతే, ఆ ఊరట కోసం మనం మళ్లీ బెల్టు పెట్టుకుంటాం, అది రుణాత్మక పునర్బలనం. పెట్టుకోనందుకు చలానా పడితే అది శిక్ష. ఈ తేడా సొంతంగా చెప్పలేనివారిని పక్కపక్కనే ఉన్న రెండు ఆప్షన్లు తికమకపెట్టక మానవు.

గీతలు గీయడం గురించి చెప్పేదేమీ లేదు; చదివే పద్ధతులపై మనస్తత్వవేత్త డన్‌లాస్కీ బృందం 2013 సమీక్షలో దానిని మళ్లీ చదవడంతో పాటు తక్కువ ప్రయోజనం గల పద్ధతుల్లో చేర్చింది.

అప్పజెప్పుకోవడానికీ ఒక షరతుంది. చిన్నప్పుడు అప్పజెబుతూ ఎక్కాలు తప్పినప్పుడు ఎదుట కూర్చున్న తాతయ్య సరిదిద్దేవారు. ఒంటరిగా చదివేవారికి ఆ పని పుస్తకమే చేయాలి కనుక, రాయడం ముగిసిన వెంటనే తెరిచి సరిచూసుకోవాలి.