కల్లు కాంపౌండా, పర్మిట్ రూమా?

తెలంగాణలో సాయంత్రం గొంతు తడుపుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి కల్లు కాంపౌండ్, రెండోది వైన్స్ పక్కనుండే పర్మిట్ రూమ్.

పర్మిట్ రూమ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్వార్టర్, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, పల్లీలు. చాలామంది నిలబడే తాగేసి వెళ్లిపోతారు. ఆడవాళ్లు అటువైపే రారు.

కాంపౌండ్ లెక్క వేరు. ఊళ్లలో ఆడా మగా అక్కడే కూర్చుంటారు. కల్లు పోస్తూనే, చెట్టెక్కి కల్లు గీసే గౌడన్న ఇంటి సంగతులన్నీ అడుగుతాడు. పొద్దున దించిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. అందుకే దాన్ని దాచి అమ్మడం కుదరదు, తాగేవాడే చెట్టు దగ్గరికి రావాలి. బోటి వేపుడో, ఉడకబెట్టిన గుడాలో నంజుకుంటూ గంటసేపు కూర్చుంటే పెళ్లి సంబంధం, పొలం కౌలు రెండూ తేలిపోతాయి.

పట్నం కాంపౌండ్‌ని మాత్రం నేను నమ్మను. హైదరాబాద్‌లో 2004లో మూసేసిన కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. సరే, అంత కల్లుకి సరిపడా చెట్లు నగరంలో ఎక్కడున్నాయి? క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటి మత్తు మందులు కలిపి అమ్ముతూ దొరికిపోయిన కేసులు బోలెడు. ఆ సీసా కంటే సీలున్న క్వార్టరే నయం.