విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డు: హెడర్ వేశాక మొదలైన మిస్సింగ్ ఇక్కడే తేలింది

కారుకి హెడర్ (ఇంజన్ నుంచి పొగని బయటికి తీసుకెళ్ళే పైపుల సెట్టు) వేయించాక మిస్సింగ్, అంటే ఇంజన్‌లో పెట్రోల్ మధ్యమధ్యలో సరిగ్గా మండకపోవడం, మొదలైందని అంతకుముందు రెండు చోట్ల చూపించాను. రెండు చోట్లా ముందు ఏదో ఒక పార్టు మార్చి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. ఈ షెడ్డులో మేస్త్రి గారు మాత్రం తప్పు ఎక్కడుందో కళ్ళతో చూసేదాకా ఒక్క పార్టు కూడా తెప్పించలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నాది 2014 పెట్రోల్ స్విఫ్ట్, రోజూ గుంటూరు నుంచి విజయవాడ వచ్చి వెళ్ళే బండి. ఆ స్థానంలో ఉండే కంపెనీ మానిఫోల్డ్ తీయించి బయట కొన్న 4-2-1 హెడర్ (నాలుగు పైపులు రెండై, చివరికి ఒకటయ్యేది) వేయించా. పొగలోని విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ అవసరం లేదు తీసేద్దామని హెడర్ వేసినవాళ్ళు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు, హెడర్ తర్వాత మళ్ళీ పెట్టించుకున్నా. వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే బానెట్ కింద టక్ టక్ మని చప్పుడు వచ్చేది, ఐదు నిమిషాలకి ఆగిపోయేది. ఇంకో వారానికి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే సీటు కదిలేంత వణుకు, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. విచిత్రం ఏంటంటే సాయంత్రం వారధి దాటి హైవే ఎక్కాక కాజ టోల్ వచ్చేసరికి ఏమీ జరగనట్టు సాఫీగా పోయేది. అసలు గుట్టు ఇందులోనే ఉందని అప్పుడు నాకు తెలియదు.

మొదట చూసినవాళ్ళు స్కానర్ పెడితే పీ0300 వచ్చింది, అంటే ఫలానా సిలిండర్ అని కాకుండా అన్నిట్లోనూ అక్కడక్కడా మిస్ అవుతోందని. ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ రెండు మార్చారు, తగ్గలేదు. రెండో చోట ఇంజెక్టర్ క్లీనింగ్ చేశారు, రెండు రోజులు బాగున్నట్టు అనిపించి మళ్ళీ మొదలు. మొత్తం 9,400 పోయింది, టెన్షన్ అలాగే ఉంది. పైగా చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఊరుకోకుండా ఒక్కోసారి మిణుకు మిణుకుమనేది. అలా మిణుకుమంటే బండి పక్కన ఆపేయాలి, ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మండకుండా మిగిలిన పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలి తేనెపట్టులాంటి భాగం కరిగిపోతుంది.

ఇక్కడికి తీసుకొచ్చాక మేస్త్రి గారు అడిగిన మొదటి ప్రశ్న, "చల్లగా ఉన్నప్పుడు చప్పుడు వస్తుందా బాబూ, వేడెక్కాక వస్తుందా?" చల్లగా ఉన్నప్పుడే అన్నాను. "అయితే ఇప్పుడు చూసి లాభం లేదు, రాత్రికి ఇక్కడే వదిలెయ్యి" అన్నారు. నేను బస్సులో గుంటూరు పోయి మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా వచ్చేశా, నా ముందే స్టార్ట్ చేయించారు.

స్కానర్‌లో ఆయన ఎర్రర్ కోడ్ చూసి అక్కడితో ఆగలేదు. ఇంజన్ కాస్త వేడెక్కి పొగలో ఆక్సిజన్ చూసే సెన్సార్ పని మొదలుపెట్టాక ఫ్యూయల్ ట్రిమ్ తెరిచి నాకు చూపించారు. స్లోలో (బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతూ) ఉన్నప్పుడు లాంగ్ టర్మ్ ప్లస్ 22, అంటే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) తన లెక్క కంటే 22 శాతం పెట్రోల్ ఎక్కువ పంపిస్తోంది. రేసింగ్ ఇచ్చి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ప్లస్ 5కి దిగింది. స్లోలో ఎక్కువ, స్పీడులో తక్కువ ఉంటే ఎక్కడో గాలి దూరుతోందని అర్థమట. ముందు ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ వైపు హోసుల మీద కార్బ్ క్లీనర్ కొట్టి చూశారు, ఇంజన్ సౌండ్‌లో ఏ మార్పూ లేదు, అంటే లీకు అటు లేదు. ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి పట్టి పొయ్యి అడుగులా నల్లగా ఉన్నాయి. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్‌ని అనుమానించాలి, నాలుగూ ఒకేలా ఉంటే అన్నిటికీ కలిపి తప్పు లెక్క ఎక్కడినుంచో వస్తోందని చెప్పారు.

ప్లగ్గులు మళ్ళీ బిగించాక చేసిన పనే నాకు బాగా నచ్చింది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, సైలెన్సర్ చివర గుడ్డ చుట్టి బ్లోయర్‌తో లోపలికి గాలి కొట్టించారు. చిన్న స్ప్రే సీసాలో సబ్బు నీళ్ళు పోసుకుని హెడర్ ఇంజన్ హెడ్‌కి కలిసే చోట ఒక్కో పైపు చుట్టూ కొట్టుకుంటూ వచ్చారు. ఒకటి, రెండు, మూడు దగ్గర ఏమీ లేదు. నాలుగో పైపు కింది అంచున ముందు ఒక బుడగ, తర్వాత వరసగా నురగ. "ఇదిగో బాబూ నీ మిస్సింగ్" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. సైలెన్సర్ గొట్టంలో పొగ ఒకే ధారగా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఆ సందులోంచి బయట గాలి లోపలికి లాగుతుంది. కన్వర్టర్‌కి ముందుండే ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి పెట్రోల్ చాలడం లేదని ఈసీయూకి చెబుతుంది, అది ఇంకా పోస్తుంది, ప్లగ్గులు మసి పట్టి మిస్ అవుతాయి. స్పీడులో పొగ ఎక్కువై ఆ గాలి వాటా తగ్గిపోతుంది, అందుకే హైవే మీద బాగుండేది. వేడికి ఇనుము సాగి సందు కొంత మూసుకునేది కాబట్టి చప్పుడు ఆగేది, అయినా లీకు పూర్తిగా పోయేది కాదు.

హెడర్ విప్పి ఫ్లాంజ్ (హెడర్‌ని ఇంజన్‌కి బిగించే పట్టీ) మీద స్టీల్ స్కేల్ ఆనించి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే నాలుగో పైపు వైపు 0.3 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. వెల్డింగ్ వేడికి పట్టీ వంగింది, దానికి తోడు హెడర్‌తో వచ్చిన ప్యాకింగ్ అట్టముక్కలా పలచగా ఉంది. లేత్ షాపుకి పంపి ఆ వంపు పోయేలా ఫేసింగ్ కొట్టించి, పొరలున్న స్టీల్ ప్యాకింగ్ వేసి, నట్లు మధ్యలోంచి బయటికి వరసగా టార్క్ రెంచ్‌తో బిగించారు. సెన్సార్ వైరు హెడర్ పైపుకి ఆనుకుని పైతొడుగు మెత్తబడుతుంటే దాన్ని కూడా దూరంగా కట్టారు. కొత్త ప్లగ్గులు వేసి, పాత ట్రిమ్ చెరిపి, ఊరంతా ఒక రౌండ్ కొట్టించి మళ్ళీ చూపిస్తే ప్లస్ 3. వణుకు లేదు.

మొత్తం 4,850 అయింది, అందులో చెక్ చేసినందుకు 1,200. చూడడానికి కూడా డబ్బులా అని కొందరు అంటారు, నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికంటే న్యాయమైనది ఆ 1,200. మార్చిన ప్లగ్గులు, పాత ప్యాకింగ్ కవర్లో పెట్టి ఇచ్చారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ చేస్తే ఎత్తరు, కూర్చోడానికి నీడ లేదు, బిల్లు అడిగితే గానీ రాయరు. ఫేసింగ్ పని బయట చేయించాలి కాబట్టి నాకు రెండు రోజులు పట్టింది, ఒక్క రోజులో అయిపోతుందని మొదట చెప్పారు. ఈ విషయం ముందే చెప్పి ఉంటే సెలవు సర్దుకునేవాణ్ణి.

500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రమ్మన్నారు, పోయిన శనివారం వెళ్ళా. చల్లటి ఇంజన్ మీద నట్లు బిగించి చూస్తే రెండు నట్లు చెరో పావు చుట్టు తిరిగాయి, దానికి డబ్బు తీసుకోలేదు. మీరు వెళ్ళేటట్టయితే అంతకుముందు మార్చిన పార్టుల బిల్లులు పట్టుకెళ్ళండి, ఆయన అవన్నీ చదువుతారు. బండి మాత్రం ముందు రోజు రాత్రే అక్కడ పెట్టేయండి.