వైద్య బోధనపై పరిశోధన: లాటరీ విభజనా, ఇంటర్వ్యూలా?

కొత్త బోధనా పద్ధతి పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలనుకునే వైద్య కళాశాల అధ్యాపకుల ముందు సాధారణంగా రెండు మార్గాలుంటాయి: విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసి మార్కులు పోల్చడం, లేదా వారితో లోతైన ఇంటర్వ్యూలు జరపడం.

శ్రమ: మొదటిదానికి పెద్ద బ్యాచ్, గణాంక నిపుణుల సాయం కావాలి. రెండోదానికి డబ్బు తక్కువే అయినా, గంటసేపటి సంభాషణను అక్షరబద్ధం చేయడానికే చాలా గంటలు పడుతుంది.

ముప్పు: లాటరీ విభజనకు అసలు శత్రువు హాస్టలే. ఒక బృందానికి ఇచ్చిన వీడియోలు, నోట్సు ఆ రాత్రికే రెండో బృందం ఫోన్లలోకి చేరితే పోల్చడానికి మిగిలే తేడా ఉండదు. తమ వంతూ వస్తుందని తెలిస్తే పంచుకునే తొందర తగ్గవచ్చు కనుక, తరువాతి పాఠానికి బృందాలను తారుమారు చేయడం మేలు, అలా చేస్తే ఎవరికీ అన్యాయం జరగదు కూడా. ఇంటర్వ్యూల ముప్పు వేరు: ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకుడే ఎదుట కూర్చుంటే ఏ విద్యార్థీ మనసు విప్పడు కనుక, వేరే విభాగం వారితో అడిగించడం తప్పనిసరి.

ఫలితం: మార్కులు పెరిగినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్టు కాదు. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెసిడెంట్లకు (ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్న వైద్యులకు) సెంట్రల్ లైన్, అంటే పెద్ద సిరలోకి సన్నని గొట్టం, వేయడం సిమ్యులేటర్‌పై (శరీరాన్ని పోలిన నమూనాపై) నేర్పాక ఐసీయూలో రక్తప్రవాహ ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2009లో చూపారు. అందులో లాటరీ లేదు, శిక్షణకు ముందూ తరువాతా ఉన్న అంకెలను, అదే ఆసుపత్రిలోని మరో ఐసీయూ అంకెలను పోల్చారు, అయినా నా దృష్టిలో అదే విలువైన కొలత.

సూది, కుట్టు, లైన్ వంటి చేతిపనుల బోధనకు అంకెల పోలికే తగినది. రాత్రి డ్యూటీలో సందేహం వచ్చినా రెసిడెంట్ సీనియర్‌కు ఎందుకు ఫోన్ చేయడన్న ప్రశ్నకు ఇంటర్వ్యూలే దారి.